బ్యారన్‌లో మనిషున్నాడ్రోయ్

అద్దంకి నుంచి చెంచురామయ్య వాళ్ల ఊరికి తారురోడ్డున పోతే చాలా చుట్టు. చేల మధ్య డొంకన పడితే సగం దూరం తగ్గుతుంది. అయినా పొద్దుగూకితే డొంకన ఎవరూ పోరు. పెట్రోలు దండగైనా సరే, చుట్టు తిరిగే పోతారు. డొంక మధ్యలో చెంచురామయ్య బ్యారన్ ఉంది మరి.

ఒకప్పుడు పచ్చి పొగాకును వేడికి కాల్చి ఆరబెట్టిన కొట్టం అది. ఆయన పొగాకు మానేసి మిరపలోకి దిగాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పైన రేకులు గాలికి లేచిపోయాయి, తలుపును చెదలు తినేశాయి, లోపల గబ్బిలాలు చేరాయి. ఎత్తైన నాలుగు గోడలు మాత్రం మసిబారి అలాగే నిలబడి ఉన్నాయి. నిరుడు వానల్లో చెంచురామయ్య ఆ గోడ పక్కనే గుండె పట్టుకుని కూలిపోయాడు. పోయినవాడు పోయినట్టు ఉండలేదని ఊరి మాట. రాత్రిళ్లు ఆ గోడల్లోంచి ఆయన గొంతే వస్తుందట...

"హోయ్... ఎవర్రా అది... ఇక్కడ మనిషున్నాడ్రోయ్..."

చచ్చినవాడు 'మనిషున్నాడు' అని అరిస్తే బతికున్నవాడి గుండె ఏమవ్వాలి?

ఈ మాట ఎవరు చెప్పినా అద్దంకిలో మైకులు బాగుచేసే మొహిద్దీన్ బాషా చిరాకుపడేవాడు. ఆయనకు దెయ్యమంటే భయం లేక కాదు. ఆ గొంతు ఎక్కడిదో తెలుసు గనక.

అడవిపందుల్ని బెదరగొట్టడానికి ఈమధ్య రైతులు చేలల్లో మైకు డబ్బా పెట్టుకుంటున్నారు. మనిషి అరుపు అందులో ఎక్కించి బ్యాటరీ తగిలిస్తే, ఉండుండి ఒక్కో కేక వేస్తూ తెల్లవార్లూ అదే కాపలా కాస్తుంది. చెంచురామయ్య మిరప చేను చుట్టూ మొక్కజొన్న వేసేవాడు. ఆ కంకుల కోసం పందులు దిగేవి. ఆయన తన గొంతునే డబ్బాలోకి ఎక్కించుకున్నాడు. మనిషి పోయాడు. గొంతు మిగిలింది. ఆయన భార్య సుబ్బరావమ్మ ఆ డబ్బాను బ్యారన్ గోడ మీద పెట్టి వ్యవసాయం నెట్టుకొస్తోంది.

ఇందులో దెయ్యం ఎక్కడుంది? బాషా తల పట్టుకున్నది దెయ్యంతో కాదు, ఆ డబ్బాతో.

మిరప పూత మీదుండగా అది మొదటిసారి కొట్టుకు వచ్చింది. మూత తీయగానే మాడు వాసన గుప్పుమంది. శబ్దాన్ని పెద్దది చేసే ఆంప్లిఫయర్ ఐసీ నడినెత్తిన పగిలింది. పక్కనున్న కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. పన్నెండు ఓల్టుల బోర్డుకు ఎవరో అంతకు రెట్టింపు ఇచ్చారు, అనుమానమే లేదు. బాషా అన్నీ మార్చి, మూత మీద ఎర్ర పెయింటుతో 'పన్నెండు ఓల్టులు మాత్రమే' అని పెద్ద అక్షరాల్లో రాసి పంపాడు.

కాయ దిగేసరికి మళ్లీ వచ్చింది. ఎర్ర అక్షరాలు చెక్కుచెదరలేదు. వాటి కింద బోర్డు మాత్రం బొగ్గు.

బాషా ఒళ్లు మండింది. సుబ్బరావమ్మకు ఫోన్ చేశాడు.

"దీనికి ఏ బ్యాటరీ కలిపారండీ? ఎవరు కలిపారు?"

"ఎవరూ ముట్టుకోలా అబ్బాయ్. ఉన్నట్టుండి ఢప్పుమని ఆగిపోయింది."

"ఉన్నట్టుండి ఆగదండీ! రెట్టింపు కరెంటు పోయింది దీనిలోకి!"

"ఏమో నాయనా... నాకేం తెలుసు."

ఆయన పళ్లు నూరుకుంటూ మళ్లీ అన్నీ మార్చాడు. అసలు బాధ బాగుచేయడం కాదు, బాగయిందో లేదో చూడటం. బోర్డు వేడెక్కినా నిలబడుతుందో లేదో తెలియాలంటే పూటంతా మోగించాలి. ఆ పూటంతా ఆయన చెవి పక్కన చెంచురామయ్య అరుస్తూనే ఉంటాడు. 'హోయ్' అని సాగదీయడం, 'ఎవర్రా అది' అని గద్దించడం, ఆ తర్వాత పొగాకు నాటి పొడిదగ్గు ఒకటి, గొంతు సవరింపు, అప్పుడు 'ఇక్కడ మనిషున్నాడ్రోయ్'. పక్క కొట్టువాళ్లు నవ్వేవారు. నిద్రలో కూడా ఆ దగ్గు వినిపించి బాషా ఉలిక్కిపడి లేచేవాడు.

కేరేజీ తెచ్చిన భార్య ఖుర్షిదా ఒక మధ్యాహ్నం కాసేపు విని, "పోయినాయన గొంతు గదా... ఫోన్‌లోకి ఎక్కించి ఒక కాపీ ఉంచండి" అంది.

"వినలేక చస్తుంటే దాచుకోవడం కూడానా?" అని కసిరాడు బాషా.

ఆ మాట తర్వాత ఆయన్ని చాలా రోజులు కాల్చింది.

ఎందుకంటే మొదటి కోత ముందు డబ్బా మూడోసారి వచ్చింది. ఈసారి దెబ్బ ఇంకా లోపలికి పోయింది. బ్యాటరీ నుంచి వచ్చే పన్నెండు ఓల్టులను ఐదుకు దించి, గొంతు దాచుకున్న చిప్పుకు అందించే చిన్న రెగ్యులేటర్ ఒకటుంటుంది. అది కాలిపోయింది. కాలుతూ కాలుతూ వచ్చిన కరెంటునంతా తిన్నగా చిప్పు మీదికి వదిలింది. భూతద్దం పెట్టి చూస్తే చిప్పు మీద సన్నటి పగులు.

బాషా దాన్ని ఊడదీసి ఇంకో బోర్డులో అతికించాడు. గుర్ర్... మంది. అంతే. చిప్పు కాళ్లు శుభ్రం చేసి మళ్లీ అతికించాడు. గుర్ర్... ఇంకో బోర్డు, ఇంకో స్పీకరు, ఇంకో రకం ప్రయత్నం. గుర్ర్... ఇన్నాళ్లూ నోరు మూసుకోమని తిట్టిన గొంతును ఇప్పుడు ఒక్కసారి నోరు విప్పమని బతిమాలుకున్నాడు. విప్పలేదు. ఎక్కువ ఓల్టులు పెట్టిన ఆ అనామకుడి మీద, అబద్ధమాడుతున్న ఆ పెద్దావిడ మీద, అందరికంటే ఎక్కువ తన మీద తనకే కోపం వచ్చింది. సోల్డరింగ్ ఐరన్ బల్ల మీదికి విసిరికొట్టాడు. చిప్పును సొరుగులో పడేశాడు.

ఆ సాయంత్రమే మరియదాసు వచ్చాడు. ఆ ఊరి పాల క్యాన్లు అద్దంకికి తోలే మనిషి, డబ్బాను తెచ్చి ఇచ్చేదీ అతనే.

"అయిందా బాషా గారూ?"

"లేదు."

మరియదాసు వెనక్కి పోలేదు. అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు.

"ఒక మాట... డబ్బా మీ కాడే ఉంది గదా?"

"కనపడట్లేదా?"

"మరి నిన్న రాత్రి బ్యారన్‌లోంచి కేక వినపడిందండీ. తారురోడ్డు మీదికే వినపడింది."

"ఇంకో డబ్బా తెచ్చి పెట్టుంటుంది."

"యాడ తెస్తదండీ? అయినా గొంతు ఆయనదే. నేను ఆయన కింద పనిచేసినోణ్ణి... నాకు తెలవదా?"

బాషా చెయ్యి సొరుగు మీదికి పోయింది. తెరిచి చూశాడు. పగిలిన చిప్పు అక్కడే ఉంది.

"నేనెట్టాగూ సుబ్బరావమ్మ గారికి చెప్పాల్సినదుంది, ఇప్పుడే పోతున్నా. వస్తావా?" అన్నాడు.

"చీకటి పడ్డాకా? డొంకనా? నా వల్ల కాదండీ" అని దణ్ణం పెట్టేశాడు మరియదాసు.

గొంతు పోయిందన్న కబురు ఫోన్‌లో చెప్పడానికి బాషాకు నోరు రాలేదు. కొట్టు కట్టేసి, డబ్బాను స్కూటరు ముందు కాళ్ల మధ్య పెట్టుకుని బయల్దేరాడు. డొంకనే బయల్దేరాడు. మనిషి చిరాకులో ఉంటే ధైర్యం కూడా దానంతటదే వస్తుంది.

డొంకకు రెండు పక్కలా పండిన మిరప. గాలిలో ఘాటు. ఎక్కడో పత్తి మోళ్లు తగలబెట్టిన పొగ. దారిలో నరమానవుడు లేడు.

బ్యారన్ గోడలు కనపడుతుండగా స్కూటరు ఆపి లైటు తీసేశాడు. తొంగిచూద్దామని కాదు... విందామని.

ఏమీ లేదు. కీచురాళ్లు.

మరియదాసు కల్లు తాగి ఉంటాడనుకున్నాడు. స్కూటరు తాళం మీద చెయ్యి వేశాడు. అప్పుడు—

"హోయ్..."

గోడల్లోంచే. పైకప్పు లేని ఆ బ్యారన్ నోట్లోంచి లేచి, చేల మీదుగా పాకుతూ వచ్చింది.

బాషా చెయ్యి కిందికి పోయింది. డబ్బా కాళ్ల మధ్యే ఉంది. చల్లగా ఉంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. గొంతు ఉండాల్సిన చోట ఉత్త బోర్డు ఉంది. ఆ గొంతు అద్దంకిలో, సొరుగులో, చచ్చి పడి ఉంది...

"యా అల్లా" అన్నాడు.

"హోయ్... ఎవర్రా అది..."

అదే గద్దింపు. అదే సాగదీత. ఇప్పుడు దగ్గుతాడు. తర్వాత గొంతు సవరించుకుంటాడు. బాషాకు తెలుసు, కళ్లు గట్టిగా మూసుకుని దగ్గు కోసం ఎదురుచూశాడు.

"...ఇక్కడ మనిషున్నాడ్రోయ్..."

బాషా కళ్లు తెరిచాడు.

దగ్గేదీ?

ఇంకో కేక వచ్చేదాకా ఆగాడు. దానిలోనూ దగ్గు లేదు. పూటలకు పూటలు ఆ అరుపును భరించిన చెవులవి, పొరబడే చెవులు కావు. భయం దిగిపోయి, దాని చోట పాత చిరాకే మళ్లీ వచ్చి కూర్చుంది. డబ్బా చంకన పెట్టుకుని, ఫోన్ టార్చి వేసుకుని, విసవిసా నడిచి, తలుపు లేని గుమ్మంలోంచి లోపలికి వెళ్లాడు.

లోపల, తలకు తువ్వాలు చుట్టుకుని, అడుగు కోసేసిన నీలం పురుగుమందు డ్రమ్మును బూరలా నోటికి పెట్టుకుని... సుబ్బరావమ్మ.

"ఎవరదీ? బాషావా?" అంది డ్రమ్ము దించి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని. గొంతు బొంగురుపోయి ఉంది.

"మీరాండీ! ఊరంతా హడలి చస్తున్నారు!"

"చావనీ. దొంగలు కూడా ఇటు రారు." ఆమె నిదానంగా మంచినీళ్లు తాగింది. "డబ్బా నీ కాడుంటే చేనెవరు కాస్తారు? నా గొంతుతో అరిస్తే పందులు లెక్క చెయ్యలా. ఆయన మాదిరి అరిస్తే పోతన్నాయ్. అది తెచ్చావా? అయిందా?"

బాషా చూపు పక్కకు పోయింది. టార్చి వెలుగులో గోడ వార ఇంకొకటి కనపడింది ఆయనకు. మందు కొట్టే స్ప్రేయర్లకు వాడే పన్నెండు ఓల్టుల బ్యాటరీలు రెండు. టార్చిలైటులో సెల్లుల్లా ఒకదాని కొస ఇంకోదానికి వైరుతో కలిపి ఉన్నాయి.

"ఇది... ఎవరు కలిపారు?"

ఆమె తల దించుకుంది.

"నేనే."

"ఎవరూ ముట్టుకోలేదన్నారు గదండీ! ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా!"

"నిజం చెప్తే బాగుచెయ్యనంటావని భయమేసింది అబ్బాయ్. గాలి తిరిగినాక కేక ఇంటికాడికి రావడం మానేసింది. అది వినపడితే ఆయన చేలోనే ఉన్నాడులే అని నిద్ర పట్టేది నాకు. మిరప మీద నల్ల తామరపురుగు చావకపోతే మందు రెట్టింపు కొట్టలా? అట్టాగే దీనికీ రెండు పెట్టా. మొదట్లో ఎంత బాగా వినపడిందో... ఇంట్లో పక్కన నిలబడి పిలిచినట్టు."

"పురుగుమందా అమ్మా ఇది!" గోడలు అదిరేలా అరిచాడు బాషా. గబ్బిలాలు లేచి పైకి ఎగిరాయి. ఇన్నాళ్లుగా పట్టి ఉంచిందంతా ఆ ఒక్క అరుపులో పోయింది. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పేశాడు.

"గొంతు పోయిందండీ. చిప్పు కాలిపోయింది. అన్నీ చేసి చూశాను, నాకు చేతకాలేదు. ముందే ఫోన్‌లోకి ఎక్కించి ఉంటే ఉండేది. మా ఆవిడ చెప్పింది కూడా... నేనే వినలేదు."

సుబ్బరావమ్మ డబ్బా అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ఎర్ర అక్షరాల్ని వేలితో ఊరికే రుద్దుతూ కూర్చుంది.

"నా దగ్గరా యాడా లేదు. ఫొటోలున్నాయ్. ఫోన్ చేస్తే ఊఁ అని పెట్టేసే మనిషాయె" అంది. తర్వాత తలెత్తింది. "నువ్వు శానాసార్లు విన్నావు గదా? నేను అరుస్తుంటే ఆయన మాదిరే ఉంటంది గాని... యాడో తప్పుతంది. రోజూ అనుకుంటన్నా, తెలవట్లా. యాడ తప్పుతందో చెప్పు."

"దగ్గండీ" అన్నాడు బాషా. "ఎవర్రా అది తర్వాత... ఒక దగ్గు."

ఆమె చెయ్యి నోటికి అడ్డం పోయింది.

"అవును... దగ్గు. ఏడాది కూడా తిరగలా. అప్పుడే మర్చిపోయా చూడు." కళ్లనీళ్లు తుడుచుకోలేదు ఆమె. డ్రమ్ము ఎత్తి అతని చేతిలో పెట్టింది. "అను."

"నేనా?"

"నువ్వు తప్ప ఎవరికొస్తది? అను నాయనా."

బాషాకు సిగ్గేసింది. అటూ ఇటూ చూశాడు. నోటికి డ్రమ్ము పెట్టుకున్నాడు. ఎలా అనాలో ఆలోచించాల్సిన పని లేకపోయింది, ఎన్ని పూటలు విన్నాడని!

"హోయ్... ఎవర్రా అది..." పొడిగా ఒక దగ్గు. గొంతు సవరింపు. "ఇక్కడ మనిషున్నాడ్రోయ్..."

బయట డొంకలో ఏదో దభాలున పడింది. బాషా ఒక్కడే పోయాడని మనసాగక వెనకాలే వచ్చిన మరియదాసు, మోటారుసైకిలు అక్కడే వదిలి, కెవ్వుమని ఊరివైపు పరుగెత్తాడు.

సుబ్బరావమ్మ అటు తిరిగి కూడా చూడలేదు. బాషా మొహం కేసే చూస్తోంది.

"ఇంకోసారి" అంది.

బాషా డ్రమ్ము దించాడు. ఈసారి ముందు ఫోన్ తీసి రికార్డింగు నొక్కి, ఇటుక మీద జాగ్రత్తగా నిలబెట్టాడు. ఆ తర్వాతే అరిచాడు.

బాషా అరుపు ఎక్కించుకుని డబ్బా మళ్లీ గోడ మీదికెక్కింది. ఆమె ఇంట్లో దిండు పక్కన అదే అరుపుతో ఇంకో చిన్న డబ్బా చేరింది. దానికి బ్యాటరీ లోపలే పెట్టి అతికించేశాడు బాషా, ఇంకోటి తగిలించే దారి లేకుండా. డొంకన మాత్రం ఇప్పటికీ రాత్రిళ్లు ఎవరూ పోరు. మొన్నటిదాకా అది ఉత్త మైకు అరుపే అనుకున్నవాళ్లు కూడా మానేశారు. ఆ గొంతు అక్షరాలా చెంచురామయ్యదేనని మరియదాసు ఒట్టేసి చెబుతున్నాడు మరి. కావాలంటే ఆ దగ్గు వినండి అంటాడు.