మాలివన్ నవ్వు

ఆ ఉదయం పన్నెండో వీడియోకి వేలిముద్ర వేయబోయి మాలివన్ ఆగింది. తెరమీద ఉబోన్ ఊరి నర్సు సిరిన్యా పాముకాటు గురించి చెబుతోంది. ఊళ్లోకి వరద వస్తోంది, సాయంత్రానికి పాములూ వస్తాయి. "కాటుపడ్డ కాలు కదపకండి, తాడు బిగించకండి," అంది సిరిన్యా. వెంటనే వెనకనుంచి కిలకిలమని నవ్వు.

సిరిన్యా పంపిన వీడియోలో ఆ నవ్వు లేదు. బ్యాంకాక్ ప్రసారకేంద్రంలో, వీడియోలకు నవ్వులూ ఏడుపులూ తనంతట తానే కలిపే యంత్రం భావపూరణి అతికించింది. ట్రాన్స్ మహిళ కనబడితే చాలు, దానికి నవ్వులాటే! మాలివన్ కూడా ట్రాన్స్ మహిళే. వీడియోలు ఆమోదించే ఈ కుర్చీ ఇచ్చినప్పుడు ఎంత సంబరపడిందో! ఇప్పుడు అనుమానం. తన ముద్ర పడితే, 'వాళ్ల మనిషే ఒప్పుకుంది' అనొచ్చు కదా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట.

"ముద్ర వెయ్యక్కా," అన్నాడు పర్యవేక్షకుడు నరోంగ్. "నవ్వుంటే పదిమంది చూస్తారు."

"చూస్తారు సరే, నమ్మొద్దూ?"

ఆ నవ్వు చివర చిన్న ఎక్కిలి ఉంది. అదే ఆమెను పొద్దుటినుంచీ పీకుతోంది. వేగం తగ్గించి విన్నది. అది తన నవ్వే! ఇరవై ఏళ్ల కిందట ఒక సీరియల్లో తనది పనిమనిషి వేషం. నెత్తిమీద పళ్లెంతో కొట్టించుకుని నవ్వాలి. ఏడోసారి కొట్టినప్పుడు ఏడుపు దిగమింగుకుంటూ నవ్వింది. చీ, దాన్నా ఇంతమందికి అంటగట్టారు!

నటులు తమ గొంతు వాడకాన్ని ఆపించుకునే గొంతుహక్కుల పలక తెరమీద తెరిచింది. 'మీ నవ్వు వెనక్కి తీసుకుంటే నాలుగు లక్షల వీడియోల్లో ఆగిపోతుంది. మీ ఉద్యోగం సమీక్షకు వెళ్తుంది.'

"అక్కా, పిచ్చా నీకు? కుర్చీ పోతుంది!"

"పోనీ. ఇన్నాళ్లూ కూర్చుని ఏం ఉద్ధరించాను?"

వేలు నొక్కింది.

హాల్లో తెరలన్నిటా ఆ నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. భావపూరణి తెరమీద ఒకటే ప్రశ్న ఆగకుండా మెరుస్తోంది: 'ఈమెను ఏ భావంలో చేర్చాలి?' మాలివన్ ఆ ప్రశ్నను మూసేసింది. వీడియోను ఉన్నదున్నట్టే ఉబోన్‌కి వదిలేసింది.

సిరిన్యా మాట మొదటిసారి చివరిదాకా వినబడింది. నరోంగ్ తెర దగ్గరికి జరిగాడు.

"అక్కా, ఈమె నిజంగానే నర్సా?"

"మొదట్నుంచీ నర్సే, తమ్ముడూ."

"మా అమ్మ ఉండేది ఉబోన్‌లోనే," అంటూ అతను ఫోను తీశాడు.