ఐదో ఓటు

2002 జూలై. ముసురు పట్టి మూడు రోజులైంది. ఆ సోమవారం పొద్దున అల్వాల్‌లోని జానకీదేవి ఆఫీసు మెట్లెక్కి వచ్చిన అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. తడిసిన చున్నీ పిండుకుంటూ గుమ్మంలోనే నిలబడి ఒక్కటే అడిగింది.

"మేడమ్, సచ్చిపోయినోళ్ల మీద పడ్డ మచ్చ గూడ మీరు తుడుస్తరా?"

టైపు మిషను మీద కృష్ణారావు వేళ్లు ఆగిపోయాయి. రైల్వేలో ముప్పై మూడేళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైన తెనాలి మనిషి ఆయన. రెండేళ్ల కిందట దొంగతనం నేరం మీద జైలుకు పోవాల్సిన ఆయన అల్లుణ్ణి జానకీదేవి ఒక్క రోజులో బయటపడేసింది. ఆ మర్నాటి నుంచి కృష్ణారావు ఈ ఆఫీసు వదల్లేదు. పోలీసు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టిన ఆ యాభై ఏళ్ల ఆవిడ బుర్రంటే ఆయనకు దేవుడి గదితో సమానం.

జానకీదేవి నోట్లోని లవంగాన్ని ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు మార్చింది. "మచ్చ అబద్ధమైతే తుడుస్తాను. కూర్చో. పేరేంటి?"

"కెజియా. మాది పూలకుంట, శామీర్‌పేట కాడ."

కథ చిన్నదే. పూలకుంటలో గుట్ట మీద యాభై రెండు ఇళ్ల కాలనీ ఉంది. రాళ్లు కొట్టే క్రైస్తవ కుటుంబాలకు ఇరవై ఏళ్ల కిందట పంచాయతీ ఇచ్చిన జాగా. ఇప్పుడు నగరం నుంచి వచ్చిన బిల్డరొకడు అక్కడ అపార్టుమెంట్లు కడతానన్నాడు. కాలనీని క్వారీ అవతలికి తరలించి, జాగా అతనికి అప్పగించాలని పంచాయతీలో తీర్మానం పెట్టారు. వార్డు మెంబర్లు తొమ్మిది మంది. నలుగురు అటు, నలుగురు ఇటు. మిగిలింది కెజియా తల్లి ఎలీషమ్మ.

"శుక్రారం పొద్దుగూకంగ బయటికి పోయింది, ఇగ రాలే. శనారం పొద్దుగాల క్వారీ గుంతల తేలింది. జారి పడ్డదని పోలీసోళ్లు రాసుకున్రు. మద్యాన్నం తీర్మానం పాసైందని తెలిసింది. మా అమ్మ వేలిముద్ర వాళ్ల దిక్కు ఉన్నదంట." కెజియా తడి చున్నీని ఇంకోసారి పిండింది. "లంచం దిని, సిగ్గుతోని దుంకిందంటున్రు. మట్టి జేయనీకి నలుగురు రాలే మేడమ్. ఆటోల ఏసుకపోయిన."

కృష్ణారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బుధారం జేసీబీ వస్తాంది. ఇల్లు పోతె పోనియ్. మా అమ్మ మమ్ముల అమ్ముకోలేదని ఒక్కరన్నా అనాలె."

"మీ అమ్మ ముద్ర ఉన్న పాత కాయితం ఏదైనా ఉందా?"

కెజియా ప్లాస్టిక్ కవరులోంచి వితంతు పింఛను కాయితం తీసింది. అడుగున నున్నని నల్లటి మచ్చ. "ఆఫీసుల సారు తిట్టుకుంట మూడుసార్లు ఏపిచ్చిండు. అయినా గిట్లనే పడ్డది. ఇరవయ్యేండ్లు కంకర కొట్టింది గద, ఆమె చేతులు మొద్దుబారినయ్."

సిరా ఎక్కువై ఉంటుంది అనుకున్నాడు కృష్ణారావు. జానకీదేవి మాత్రం ఆ మచ్చను భూతద్దంతో చాలాసేపు చూసి, కాయితాన్ని తన డైరీలో పెట్టుకుంది.

*

పూలకుంట దారిలో ద్రాక్షతోటల రాతి స్తంభాలు పందిరి లేకుండా మిగిలి, సమాధుల్లా కనిపించాయి. వాటి మధ్య ప్లాట్ల హద్దురాళ్లు. గుట్ట మొదట్లో బిల్డరు పెట్టించిన పెద్ద బోర్డు ముందు జానకీదేవి ఆగింది. రంగుల బొమ్మలో పది అపార్టుమెంట్లు, పార్కు, ఈతకొలను. గుట్ట మీది ఇళ్లు లేవు, చర్చి లేదు. గేటు పక్కన మాత్రం మూడంతస్తుల స్కూలు.

"బొమ్మ బాగుందండీ," అన్నాడు కృష్ణారావు.

"మరీ బాగుంది," అందామె.

పంచాయతీ సెక్రటరీ వెంకటసాయి, ముప్పై ఏళ్ల మనిషి, కెజియా ఓటరుగా రాసిచ్చిన దరఖాస్తు చూసి తీర్మానాల పుస్తకం ముందు పెట్టాడు. పేజీలో రెండు వరసలు. ఎడమ వైపు ఒప్పుకున్నవాళ్లు: నాలుగు సంతకాలు, కింద ఎలీషమ్మ పేరు పక్కన ఊదారంగు వేలిముద్ర. గీతలు చక్కగా విడివిడిగా పడ్డాయి, మధ్యలో ఏటవాలుగా ఒక సన్నని తెల్ల చార. కుడి వైపు ఒప్పుకోనివాళ్లు: మూడు సంతకాలు, పద్మమ్మ అనే మెంబరుది మసక నీలం వేలిముద్ర.

"మీటింగు ఎన్నింటికి జరిగింది?"

వెంకటసాయి గొంతు సవరించుకున్నాడు. "మీటింగంటే... అందరూ ఒక్కచోటికి యాడొస్తరు మేడమ్? పొలం పనులు, కూలి పనులు. పుస్తకం ఇంటింటికీ తిప్పుతం. మా అటెండరు సిద్దయ్య తీస్కపోతడు. అన్ని ఊళ్లల్ల గింతే."

"అంటే యాభై రెండు ఇళ్లు ఎత్తేయడానికి తొమ్మిది మంది ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు."

అతను పుస్తకాన్ని తన వైపు లాక్కున్నాడు.

సిద్దయ్య బయట అరుగు మీద కూర్చుని మోకాలికి ఏదో నూనె రాసుకుంటున్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి.

"ఎలీషమ్మ చేత ముద్ర వేయించింది నువ్వేనా?"

"నేనే అమ్మా. అందరి ఇండ్లకు నేనే దిరిగిన."

"గుట్ట ఎక్కావా?"

"ఎక్కిన." తలెత్తలేదు.

"నీ ఇంకు ప్యాడ్ చూపించు."

రేకు డబ్బా తెరిచాడు. ఎండిపోయిన నీలం గుడ్డ. జానకీదేవి ఇంకేమీ అడగలేదు. అతను ఆఫీసులోకి నీళ్ల కుండ మోసుకెళ్తుంటే మాత్రం చూస్తూ నిలబడింది. ఉన్నవి రెండే మెట్లు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి ఎక్కాడు.

గుట్ట మీదికి రాతి మెట్లు అరవై పైనే ఉన్నాయి. వాటి మొదట్లోనే రేకుల షెడ్డులో ఫిలిప్ నడిపే బడి. చర్చి సంఘం పెద్ద, కాలనీ తరఫున కలెక్టరు దాకా అర్జీలు పట్టుకు తిరిగిన మనిషి. వీళ్లు వెళ్లేసరికి టీసీల మీద బడి ముద్ర కొడుతున్నాడు. ఆదరంగా లేచి, ఊదారంగు అంటిన వేళ్లు జేబురుమాలుతో తుడుచుకుని, చాయ్ తెప్పించాడు.

"ఎలీషమ్మక్క మాకు పెద్దదిక్కు మేడమ్. కాని ఆశ ఉన్నది సూడుండ్రి, ఎవ్వలనన్న ముంచుతది. ఆమె ఆత్మకు నెమ్మది కలగాలని నేనైతే ప్రార్థన జేస్తున్న."

"మట్టి చేసేటప్పుడు వెళ్లలేదేం?"

"సంఘం కోపంగ ఉండె. పెద్దను, నేనొక్కణ్ణే ఎట్ల పోత?"

"శుక్రవారం సాయంత్రం ఆమె ఇక్కడికి వచ్చిందా?"

"లేదు. అంతకు నాలుగు దినాల ముంగటిసంది మాతోని మాటనే లేదు."

తిరుగు బస్సులో కృష్ణారావు ఉండబట్టలేకపోయాడు. "ఆ సెక్రటరీయేనండీ. మొహంలోనే దొంగచూపు."

"అది దొంగచూపు కాదండీ, సిగ్గు. పుస్తకంలో ఆ ముద్ర మీకెలా కనిపించింది?"

"ముద్రలాగే ఉందండీ."

"ముద్రలాగే ఉంది. అదే తప్పు," అని ఆమె కిటికీలోంచి వాన చూస్తూ ఉండిపోయింది. అల్వాల్ వచ్చేదాకా ఆలోచించినా కృష్ణారావుకు ఒక్క ముక్కా బోధపడలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు కిటకిటలాడింది. సర్పంచ్, వెంకటసాయి, సిద్దయ్య, ఫిలిప్, జానకీదేవికి పాత పరిచయమున్న ఎస్సై. కిటికీల దగ్గర గొడుగుల కింద కాలనీ జనం. కెజియా ఒక మూల ఒంటరిగా నిలబడింది. ఆమె పక్కన ఎవరూ నిలబడలేదు.

జానకీదేవి పింఛను కాయితాన్ని, తీర్మానాల పుస్తకాన్ని పక్కపక్కన పెట్టింది.

"ఎలీషమ్మ ఇరవై ఏళ్లు కంకర కొట్టింది. రాయి అరగడం అందరూ చూశారు, వేలు అరగడం ఎవరూ చూడలేదు. ఆమె బొటనవేలికి గీతల్లేవు. ఎన్నిసార్లు వేయించినా నున్నని మచ్చే పడుతుంది, ఈ కాయితం చూడండి. మరి పుస్తకంలో ఉన్న ముద్రకు గీతలు లెక్కపెట్టుకోవచ్చు. అది ఎలీషమ్మ ముద్ర కాదు."

బయట గొడుగులు కదిలాయి. కృష్ణారావు తల కొట్టుకున్నాడు. నిన్న తన కళ్లముందే ఉన్న మచ్చ!

"ఇక సిరా. పద్మమ్మ ముద్ర నీలం, సిద్దయ్య డబ్బాలోది. రెండోది ఊదా. అంటే పుస్తకం సిద్దయ్య చేతిలో లేనప్పుడు పడింది. సిద్దయ్యా, రెండు మెట్లెక్కడానికి గోడ పట్టుకునే నువ్వు అరవై మెట్లెక్కావా?"

సిద్దయ్య రెండు చేతులూ జోడించాడు. "నౌకరీ పోతదని చెప్పలే అమ్మా. మోకాలు వంగుతలేదు. రెండేండ్లసంది పుస్తకం కింద బడిలనే ఇస్తున్న. ఫిలిప్ సారే అక్కను పిలిపిచ్చి ముద్ర ఏపిస్తడు. గా దినం గూడ గట్లనే ఇచ్చిన. నేను పోతుంటె అక్క మెట్లు దిగి వస్తుండె. దేవుని తోడు, గంతే ఎరుక."

అందరి తలలూ ఫిలిప్ వైపు తిరిగాయి. అతను నవ్వే ప్రయత్నం చేశాడు. "పుస్తకం ఇచ్చిండు, నిజమే. ఎవడో నా బల్ల మీదికెళ్లి తీసి ముద్ర కొట్టిండొచ్చు. నేను కాలనీ కోసం కొట్లాడెటోణ్ణి!"

"ఆమె రాలేదని నిన్న చెప్పారు. మీ బడి ముద్ర సిరా కూడా ఊదాయే. సరే, తేల్చుకుందాం. ఇక్కడున్న మగవాళ్లంతా ఈ తెల్లకాయితం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేయండి."

సర్పంచ్ వేశాడు. వెంకటసాయి వేశాడు. సిద్దయ్య ఏడుస్తూనే వేశాడు. కాయితం ముందుకు రాగానే ఫిలిప్ చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

"నేను చదువుకున్నోణ్ణి. నేనేంది వేలిముద్ర ఏసుడు?"

"అక్కడే మీరు పొరపడ్డారు మాస్టారూ," జానకీదేవి గొంతు హెచ్చలేదు. "చదువుకున్నవాడు సంతకం చూస్తాడు. వేలిముద్ర వంక చూడను కూడా చూడడు. ఎవరి వేలైనా ఒకటేలే అనుకున్నారు."

ఎస్సై అతని మణికట్టు పట్టి చెయ్యి వెలుతురులోకి తిప్పాడు. ఎడమ బొటనవేలి మీద ఏటవాలుగా పాత కత్తిగాటు. పుస్తకంలోని తెల్ల చార అదే.

"గేటు పక్కన మూడంతస్తుల స్కూలు," అంది జానకీదేవి. "ఆ బోర్డు మీద మీకు మాత్రమే చోటుంది."

ఫిలిప్ బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఎవరికో పాఠం చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు. "చదివి ఇనిపియ్యమన్నది. ఇనిపిచ్చిన. ఏయనన్నది. బిల్డరు నాకు స్కూలు కట్టిస్తుండని ఆమెకు యాడనో తెలిసింది. ఆదివారం చర్చిల అందరి ముంగట చెప్తనన్నది. క్వారీ బాట దాక ఎంటవడి బతిలాడిన. ఇనలే. నూకిన. సావాలని నూకలే... పడ్డది. ఈత రాదని నాకెరుకనే. వాపసొచ్చి పుస్తకం ముంగట కూసున్న."

ఎస్సై అతన్ని లేపి బయటికి నడిపించాడు. జనం దారి ఇచ్చారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్లన్నీ మూడు రోజుల్లో ఎలీషమ్మ మీదే అయిపోయాయి.

తీర్మానం చెల్లదని సర్పంచ్ అదే పేజీ కింద రాసి సంతకం చేశాడు. రేపు జేసీబీ రాదు. "మళ్లీ పెడతారా?" అని జానకీదేవి అడిగితే అతను కలానికి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. ఖాళీ అయిన సీటుకు ఉప ఎన్నిక వస్తుంది, పుస్తకం మళ్లీ తిరుగుతుంది. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ తెలుసు.

కిటికీ దగ్గరి నుంచి సుక్కమ్మ అనే ముసలావిడ గొడుగు పారేసి లోపలికి వచ్చి, కెజియా చేతులు పట్టుకుంది.

"మాఫ్ జెయ్ బిడ్డా. తప్పయింది. రేపు పొద్దుగాల అందరం సమాధి కాడికొస్తం. పూలు దెస్తం, పాటలు పాడ్తం."

కెజియా చేతులు విడిపించుకుంది. విసురుగా కాదు, నెమ్మదిగా.

"అమ్మను మోయనీకి నలుగురు గావాలెనని శనారం ఇంటింటికీ తిరిగిన సుక్కవ్వా. పుస్తకం తిరిగినట్టు యాభై రెండు ఇండ్లు తిరిగిన. పుస్తకానికన్న తలుపు దీస్తరు, నాకు ఒక్కరు దియ్యకపోతిరి."

సుక్కమ్మ ఒక అడుగు వెనక్కు వేసి దారి వదిలింది.

కెజియా బల్ల మీది పింఛను కాయితం తీసుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, తడవకుండా మూడు మడతలు వేసి గుండెకు ఆనించుకుంది. జానకీదేవికి దండం పెట్టి వానలోకి నడిచింది. గుట్ట మెట్ల దాకా జనం రెండు పక్కలకూ తప్పుకుని నిలబడ్డారు. వెనకాల వెళ్లే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

కృష్ణారావు తన బొటనవేలు చూసుకున్నాడు. ముప్పై మూడేళ్లు కలం పట్టిన వేలు. ఒక్క గీతా చెరగలేదు.