కళ్లజోళ్లాయన బండి

చెయ్యి లేనివాళ్లు తలుపు తీయగలరా? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి... తీయలేరు, అంతేనా? సరే, ఆ జవాబు అలాగే పట్టుకుని కూర్చోండి. చిన్నదానా, దిండు మొత్తం నువ్వే లాక్కోకు, అన్నయ్యకీ కాస్త చోటివ్వు.

మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ వెనక ఒక ఖాళీ ఆవరణ ఉండేదట. చుట్టూ పగిలిన గోడ. ఒక మూల రేకుల చూరు, దాని పక్కన ఎండలో ఒక పాత బండి. వ్యాను లాంటిదే కానీ లోపల మనిషి నిలబడవచ్చు, పడుకోవచ్చు, వండుకోవచ్చు. పూర్వం ఒక ముసలాయన అందులోనే కాపురం ఉంటూ ఊరూరా తిరిగి కళ్లజోళ్లు అమ్మేవాడు. ఒక రాత్రి అందులోనే కన్నుమూశాడు. పొద్దున జనం వెళ్లి చూస్తే బండి నిండా కళ్లజోళ్లే... ఆయన పెట్టుకునేది మాత్రం ఎక్కడా లేదు.

అప్పటి నుంచీ, చీకటి పడ్డాక అటు వెళ్లినవాళ్లంతా ఒకటే చెప్పేవారు. బండిలోంచి — టక్... కాసేపు ఏమీ ఉండదు... మళ్లీ — టక్. ఎవరో చీకట్లో తడుముకుంటూ వెతుకుతున్నట్టు. కళ్లజోళ్లాయన తన కళ్లజోడు వెతుక్కుంటున్నాడని పేరు పడింది. ఒకసారి పేరు పడ్డాక ఇంకేముంది! పిల్లి దూకినా ఆయనే, చూరు మీద కొమ్మ రాలినా ఆయనే.

అలాంటి బండిని ఒక రిటైరైన బస్సు డ్రైవరు కొన్నాడు. జన్మంతా ఒకే రూటులో నడిపిన మనిషి. ఇకనైనా తనకు నచ్చిన చోట బ్రేకు వేయాలని ఆయన కోరిక. ఆయనా, ఆయన భార్యా కూతురి ఇంట్లో వెనక గదిలో ఉండేవారు. ఆ కూతురి భర్త మీదే మన కథంతా.

ఆ అల్లుడు ఇళ్లకు అలమరలూ అరలూ అమర్చే డిజైనరు. అందరూ ఆయన్ని 'అంగుళం' అనేవారు. ఎవరైనా భోజనానికి పిలిస్తే చేతులు కడుక్కునే లోపే వాళ్ల గోడకేసి చూసి, "ఇక్కడో అంగుళం వృథా అవుతోందండీ" అనేవాడు. రెండోసారి పిలిచినవాళ్లు తక్కువ.

మామగారు బండి కొన్నారని వినగానే అంగుళం ఎగిరి గంతేశాడు.

"లోపలి పనంతా నాది మామయ్యగారూ! మీరు స్టీరింగు తుడుచుకుంటూ కూర్చోండి, చాలు."

ఎంత మంచి అల్లుడో అనుకున్నారు కదూ? ఆగండి. అత్తమామలు బండెక్కి ఊళ్లు తిరగడానికి పోతే వెనక గది ఖాళీ అవుతుంది. అందులో తన ఆఫీసు పెట్టుకోవచ్చు. అప్పటిదాకా ఆయన ఆఫీసు భోజనాల బల్ల మీదే. కష్టపడి గీసిన వంటిల్లు ప్లాను మీద ఎవరో ఒకరు తెచ్చి వేడి గిన్నె దించేవారు. గిన్నె అడుగు గుండ్రంగా అచ్చు పడేది. ఆ అచ్చు చూసినప్పుడల్లా ఆయనకి వెనక గది గుర్తొచ్చేది. బండి ఎంత తొందరగా తయారైతే గది అంత తొందరగా తనది.

పని మాత్రం, అబద్ధమెందుకు, మనసు పెట్టి చేశాడు. మంచం కింద సొరుగు, సొరుగు వెనక ఇంకో సొరుగు. గోడకి మడిచి ఆనించే బల్ల. మెట్టు ఎత్తితే చెప్పులకి అర. మిట్టమధ్యాహ్నం, బండి రేకు మీద చెయ్యి వేస్తే చుర్రుమనే ఎండలో కొలతలు తీసి, బండి వంపుకి అచ్చంగా అతుక్కునేలా చెక్క చట్రాలు చేయించి, సుత్తితో దిగ్గొట్టించాడు.

"గోరు దూరే సందు లేదు, చూసుకోండి!" అని వచ్చినవాళ్లందరికీ గోరు పెట్టి మరీ చూపించేవాడు.

తలుపులకి పిడులు పెట్టలేదు. పిడి ముందుకు పొడుచుకొస్తే అంగుళం వృథా కదా! వేలితో నొక్కితే లోపలున్న స్ప్రింగు టక్కుమని తలుపుని బయటికి తోస్తుంది. మళ్లీ నొక్కితే పట్టేసుకుంటుంది. అన్నీ ఒకే రంగు, ఒకే నునుపు. ఏది అరో ఏది గోడో కట్టినవాడికే తెలియాలి.

పని పూర్తయ్యాక అత్తగారు చూడ్డానికి వచ్చింది.

"తలుపు ఏది బాబూ?"

"నొక్కండి అత్తయ్యగారూ."

నొక్కింది.

"అది గోడ."

ఇంకోచోట నొక్కింది.

"అదీ గోడే. కాస్త కుడివైపుకి..."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మరి రాత్రిళ్లు ఆయన వస్తాడటగా, కళ్లజోళ్లాయన?"

"రానివ్వండి! ఇన్ని అరలు పెట్టాను, ఆయనకీ ఒకటి ఇచ్చేద్దాం."

మామగారు పకపకా నవ్వాడు. అత్తగారు నవ్వలేదు.

"అయితే ముందు మీరు ఒక రాత్రి పడుకోండి. ఒక్కరే. పొద్దున నేనే వచ్చి అడుగుతాను. ఏమీ లేదంటే సామాను సర్దుకుంటాను. ఏదైనా ఉందంటే బండి అమ్మేద్దాం. మా గది మాకుంది."

'మా గది మాకుంది' అన్న మాట అంగుళం గుండెల్లో మేకులా దిగింది.

"ఒక రాత్రేం ఖర్మ, వారం పడుకుంటాను!" అన్నాడు.

ఇంటికొచ్చాక భార్య మెల్లగా అంది. "ఏవండీ, మీరు బాత్రూంకి వెళ్లాలన్నా హాల్లో లైటు వేయమని నన్ను లేపుతారు కదండీ..."

"అది వేరు," అన్నాడు అంగుళం.

చలికాలం. పగలు మండే ఎండ, రాత్రి పళ్లు టకటకలాడే చలి. అంగుళం బండి తలుపు గడియ పెట్టాడు... తీశాడు... రాత్రి పరుగెత్తవలసి వస్తే అడ్డమని దగ్గరగా వేసి వదిలేశాడు. లైటు ఆర్పకుండా పడుకున్నాడు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో లెక్క చూసుకోలేదు కాబోలు, కాసేపటికి లైటు ఎర్రబడి, గుడ్డిదై, అదే ఆరిపోయింది.

ఐస్ ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి... చూరు రేకు సన్నగా ఊగిన చప్పుడు...

టక్.

కళ్లు తెరిచాడు. ఫోను వెలుగులో చూశాడు. తలవైపు అర తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది.

"సరిగ్గా పడలేదేమో..." అనుకుంటూ లేచి నొక్కాడు. పట్టుకుంది. పడుకున్నాడు.

టక్.

ఈసారి కాళ్లవైపు.

లేచి అదీ మూశాడు. మూసి, చెయ్యి ఇంకా తలుపు మీద ఉండగానే — వెనక... టక్.

"ఎ... ఎవరది?"

జవాబుగా ఒకటి కాదు, రెండు వినిపించాయి — టక్... టక్. పైవరసలో ఒక తలుపు తెరుచుకుని అందులోంచి గిన్నె మూత జారింది. నేల మీద గిర్రున తిరిగి... తిరిగి... తిరిగి... సరిగ్గా ఆయన బొటనవేలి దగ్గరకొచ్చి ఆగింది.

అంగుళం చేతులు జోడించాడు.

"అయ్యా... మీ కళ్లజోడు ఇక్కడ లేదండీ... నేల దగ్గర్నుంచీ అన్నీ ఊడదీసి కొత్తగా చేయించానండీ... కావాలంటే కొత్తది చేయిస్తాను... నంబరు చెప్పండి..."

టక్.

అప్పుడు తట్టింది ఆయనకి. వెతుక్కునేవాడి కోసమే అన్నట్టు ఇన్ని అరలు కట్టిపెట్టింది తనే కదా!

పరుగెత్తుదామంటే తలుపు ఆ చివర. దారి పొడవునా తెరుచుకున్న అరలు నోళ్లు వెళ్లబెట్టుకుని ఉన్నాయి. పైగా పరుగెత్తి ఇంటికి పోతే ఏమవుతుంది? బండి అమ్మేస్తారు, గది పోతుంది. ప్రాణమా, గదా? అంత భయంలోనూ ఒక్క క్షణం ఆలోచించాడు చూడండి, అదీ మనిషి ఆశ.

రెండూ దక్కే ఉపాయం ఎదురుగానే కనిపించింది. పొడుగాటి బెంచీ. కూర్చునే చెక్క నొక్కి ఎత్తితే కింద పరుపులు దాచే పెట్టె. పరుపులకి గాలాడాలని పక్కన చిల్లులు కూడా పెట్టాడు. గబుక్కున చెక్క నొక్కి ఎత్తి, అందులో పడుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించి, చెక్క మీదికి లాక్కున్నాడు.

టక్. పట్టేసుకుంది.

ఫోను బయటే ఉండిపోయింది.

ఇప్పుడు మీకో ప్రశ్న. లోహాన్ని వేడి చేస్తే ఏమవుతుంది? వ్యాకోచిస్తుంది. చల్లబడితే? ఆఁ... సంకోచిస్తుంది. శభాష్. పెట్టెలో ముడుచుకుని పడుకున్న అంగుళానికి కూడా ఈ పాఠం గుర్తొచ్చింది, కాస్త ఆలస్యంగా. ఎందుకంటే చీకట్లో, చిల్లుల్లోంచి చెవొగ్గి వింటే, ప్రతి తలుపు తెరుచుకునే ముందూ బండి పైకప్పు రేకు 'కిర్'మని సన్నగా మూలుగుతోంది. కిర్... టక్. కిర్... టక్. పగటి ఎండలో సాగిన రేకు రాత్రి చలికి ముడుచుకుంటోంది. ముడుచుకుంటూ చట్రాన్ని నొక్కుతోంది. సందు లేదు కాబట్టి చట్రం తలుపుని నొక్కుతోంది. స్ప్రింగుకేం తెలుసు పాపం! ఎవరో వేలితో నొక్కారనుకుని తెరిచేస్తోంది. చెయ్యి లేకుండా తలుపు తెరుచుకుంది, చూశారా? గోరు దూరే చోటు వదిలినా ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు.

అరలు కట్టక ముందు జనం విన్న టక్కు కూడా ఆ రేకుదే. ఇన్నాళ్లూ ఆ కళ్లజోళ్లాయన్ని ఊరికే ఆడిపోసుకున్నారు.

అంగుళానికి నవ్వొచ్చింది. పెట్టెలోనే కిసుక్కున నవ్వి, లేద్దామని చెక్కని పైకి తోశాడు.

లేవలేదు.

మళ్లీ తోశాడు. భుజంతో, మోకాళ్లతో తోశాడు. ఆ చెక్క ఎలా తెరుచుకుంటుంది? పైనుంచి కిందికి నొక్కితే తెరుచుకుంటుంది. లోపలున్నవాడు పైకే కదా తోయగలడు! పరుపులు వాటంతటవే బయటికి రావుగా, లోపల పిడి ఎందుకని ఆయన పెట్టలేదు.

ఇక తెల్లారేదాకా అంతే. కాళ్లు తిమ్మిరెక్కాయి. మెడ పట్టేసింది. కునుకు పడుతున్నట్టూ పడనట్టూ ఉండగా...

బండి ఒక పక్కకి ఒరిగింది. ఎవరో ఎక్కారు.

అడుగులు... నెమ్మదిగా... టక్. ఒక తలుపు.

"ఇందులోనూ లేదు..." అని గొణుగుడు.

టక్. "ఇందులోనూ లేదు..."

రేకు తలుపులు తెరుస్తుంది సరే, రేకు మాట్లాడదు కదా! అంగుళానికి రాత్రి కూడబెట్టుకున్న ధైర్యమంతా కారిపోయింది. ఊపిరి బిగబట్టాడు. అడుగులు దగ్గరికొచ్చాయి... ఆగాయి... ఒక నిట్టూర్పు... అంతలో తలపైన బరువుగా ఏదో కూలబడింది. చెక్క మూలిగింది.

"కాస్త టీ పోసుకోవడానికి గ్లాసు ఎక్కడ పెట్టాడో, మహానుభావుడు!"

అత్తగారు! ఆవిడ లేచింది. ఆవిడ బరువుకి కిందికి నొక్కుకున్న చెక్క టక్కుమని పైకి లేచింది. లోపల్నుంచి చెదిరిన జుట్టుతో, చెక్కపొట్టు అంటిన ముఖంతో అల్లుడు లేచి కూర్చున్నాడు.

ఆవిడ కెవ్వుమనలేదు. చేతిలో ఫ్లాస్కు కిందపెట్టి, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇదేం పడక బాబూ?"

"స్థలం... స్థలం సరిపోతుందో లేదో చూస్తున్నానత్తయ్యగారూ."

"ఎవరికి?"

అంగుళం ముఖానికంటిన చెక్కపొట్టు తుడుచుకున్నాడు.

"రాత్రి చప్పుళ్లేమైనా అయ్యాయా?"

నిజం చెప్పవచ్చు. ఆవిడ భయం పోగొట్టే నిజమే. కానీ చెబితే, సందు వదలని తప్పు తనదని ఒప్పుకోవాలి. అన్నీ ఊడదీయాలి. ఈలోపు ఆవిడ మనసు మారితే? గది!

"చీమ చిటుక్కుమంటే ఒట్టు!"

అప్పుడే ఆవిడ భుజం పక్కన — టక్.

ఇద్దరూ అటు చూశారు.

"అది?"

"అది నేనే అలా పెట్టానండీ. పొద్దున్నే దానంతటదే తెరుచుకుంటుంది."

"ఎందుకూ?"

"మీకు నొక్కే శ్రమ లేకుండా."

అత్తగారు ఫ్లాస్కు మూతలోనే టీ పోసి ఆయనకిచ్చింది. బండంతా తీరిగ్గా కలియచూసింది.

"బాగుంది బాబూ. బల్ల ఉంది, అరలున్నాయి, లైటుంది. దెయ్యం లేదని మీ నోటితోనే చెప్పారు. నాకు మనసు కుదుటపడింది."

"అయితే ఎప్పుడు బయలుదేరతారు అత్తయ్యగారూ?"

"మధ్యాహ్నం నేను కునుకు తీస్తున్నప్పుడు మా గదికి వచ్చి టేపుతో కొలుస్తుంటారు కదా. మొన్న నా మంచం దగ్గర నిలబడి 'ఇంకొక్క అంగుళం వస్తే బల్ల పట్టేస్తుంది' అన్నారు. పాపం అని కాళ్లు కూడా ముడుచుకున్నాను."

అంగుళానికి టీ పొలమారింది.

"ఆఫీసు లేక మీరు పడుతున్న అవస్థ చూడలేక నేనూ మీ మామయ్యా రాత్రి ఒక నిర్ణయానికొచ్చాం. ఇదే మీ ఆఫీసు."

"మరి... మీ ప్రయాణం?"

"మానేస్తామా! ఆయన నడుపుతారు, నేను పక్కన కూర్చుంటాను, మీరు వెనక మీ పని చేసుకోండి. ఊరు మారినా ఆఫీసు మారదు. రాత్రిళ్లు మేం ఏ లాడ్జిలోనో పడుకుంటాం. బండికి కాపలా మీరున్నారుగా, భయం లేని మనిషి."

"గది...?" అన్నాడు అంగుళం, వినపడీ వినపడనట్టు.

"మా గదే కదా బాబూ. తాళం వేసుకుని వెళ్తాం."

నాలుగు రోజులు తిరక్కుండానే బండి బయలుదేరిందట. అంగుళం తలుపులకి సందులు వదిలాడు, పిడులు పెట్టాడు, పెట్టెకి లోపల గడియ కూడా పెట్టాడు. రేకు మాత్రం మాట వినలేదు. ఏ ఊళ్లో ఆగినా చల్లబడేసరికి — టక్. కారణం తెలుసు కదా, ఇంకా భయమెందుకని నవ్వకండి. కారణం పగలు బాగా గుర్తుంటుంది. చీకట్లో ఒక్కడే ఉన్నప్పుడు అడగండి దాన్ని, ఎక్కడుందో.

ఇక చాలు, లేవండి. ఆరేసిన దుప్పట్లు ఇంకా వెనక తీగ మీదే ఉన్నాయి, మంచుకి తడిసిపోతాయి. తోడు ఎవరొస్తారు?

...ఎవరూ రారా? సరే సరే, కూర్చోండి. నేనే వెళ్తాను.