లచ్చయ్య విస్తరి

అమాస చీకట్లో బాయి ఒడ్డున ఒక మోదుగాకు విస్తరి. అందులో పసుపన్నం, ఉడికిన గుడ్డు, కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయ. ఏం కనబడ్డదో చెప్పండి. మా దిక్కు చిన్నపిల్లను అడిగినా, దాన్ని దాటొద్దు, పక్కనుంచి పోవాలె అంటది.

పట్నం నుంచి వచ్చిన రాజేశ్, నిరోష అనే మొగుడూపెళ్లాలకు మాత్రం అందులో అతిథి మర్యాద కనబడ్డదట.

అచ్చంపేట అవతల ఆ బాయికి చెడ్డ పేరుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. దొర దగ్గర జీతమున్న లచ్చయ్య దాన్ని తవ్వుతూ తవ్వుతూ ఆకలన్నాడట. "బువ్వ వచ్చినంక ఎక్కుదువు తియ్" అన్నాడట దొర.

బువ్వ రాలేదు... లచ్చయ్య ఎక్కలేదు.

ఏండ్లకేండ్లు కొట్లాడి, బాయి ఉన్న ఆ చెలక భూమిని దొర నుంచి లచ్చయ్య ఇంటివాళ్లే దక్కించుకున్నారు. ఇప్పుడు ఆయన కోడలు అండాలు అక్కడ రెండు గదులు కట్టి, పట్నపోళ్లకు రోజు కిరాయికిస్తున్నది. వాళ్లొచ్చి పళ్లెంలో సగం వదిలేసి, పల్లె గాలికే కడుపు నిండిందని మురుస్తారు. అండాలు మాత్రం ప్రతి అమాసకు మామకు విస్తరి పెడుతుంది. ఒక్కసారి తప్పినా మామ బాయి ఎక్కి వస్తాడని ఆమె భయం.

ఆ రాత్రి నిరోష వంటింట్లోకి వచ్చింది.

"ఆంటీ, బాయి దగ్గర పెట్టిన వెల్‌కమ్ ఫుడ్ మస్తుంది. నిమ్మకాయకు అద్దిన కారమే జర సప్పగుంది."

అండాలు చప్పున వెనక్కి తిరిగింది. "మొత్తం తిన్నరా బిడ్డా?"

"గుడ్డు ఒక్కటే ఉండె. ఇద్దరికి రెండు పెట్టాలె కదా ఆంటీ. అయినా ఫికర్ చెయ్యకండి, మంచి రేటింగే ఇస్తం."

అండాలు మళ్లీ పొయ్యి ముట్టించింది. కొత్త విస్తరి పట్టుకొని బాయి దిక్కు నడిచింది. గాలి లేదు... కప్పల చప్పుడు లేదు... ఒడ్డు మీద ఎవరో కూర్చొని నములుతున్నారు—

"మామా... తప్పయింది..."

"నేనే ఆంటీ." రాజేశ్. చేతిలో చిప్స్ ప్యాకెట్.

అండాలుకు ప్రాణం లేచొచ్చింది. "ఒక్కనివే ఏం జేస్తున్నవయ్యా గీడ?"

"ఒక్కణ్నెక్కడ? మీ వాచ్‌మన్ తాత ఇప్పుడే బాయిల నుంచి ఎక్కొచ్చిండు. చిప్స్ ఇస్తే వద్దంటడు. బువ్వనే కావాల్నట."

అండాలు ఏ వాచ్‌మన్‌నూ పెట్టుకోలేదు.

"అరే, మళ్లీ గుడ్డు తెచ్చిన్రా?" రాజేశ్ విస్తరి మీదికి చెయ్యి చాపాడు.

అటు పక్క చీకట్లోంచి ఇంకో చెయ్యి... మోచేతి దాకా తడి మట్టి...

విస్తరిలో గుడ్డు ఒక్కటే. అండాలు జాగాలో మీరుంటే, రేటింగు ఇచ్చేటోనికి పెడతారా, బాయి తవ్వినోనికి పెడతారా?