దాలమ్మ రక్తం

నరసన్నపేట దాటాక హైవే మీద లారీ గుద్దిన స్కూటర్ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. చుట్టూ మూగిన జనంలోంచి ఒకడు వంగి, చనిపోయిన మనిషి జేబులోంచి ఫోన్ తీసుకుని తాపీగా వెళ్ళిపోయాడు. లారీకి నంబరు ప్లేటు లేదు.

చనిపోయింది నారాయణమూర్తి. విజయనగరంలోని ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఫోన్ పోయింది కానీ, అతను చివరగా పంపిన మెసేజ్ అప్పటికే ఢిల్లీ చేరిపోయింది.

"పరీక్షకు వస్తున్న రక్తం గుండె జబ్బు మనుషులది కాదు."

మర్నాడు విజయనగరం కోట గోడ పక్కన ఆగిన తెల్ల కారులో ఏజెంట్ హరిచరణ్ తన చీఫ్ పక్కన కూర్చున్నాడు. చీఫ్ పేరు కుసుమకుమారి. ఆమె గొంతు పెంచి మాట్లాడటం డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ వినలేదు. ఆ అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

"రక్తం గురించి నీకేం తెలుసు?"

"నాది చాలాసార్లు చూశాను మేడం."

"జోకులు తర్వాత. క్రానిక్ హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఏళ్ళ తరబడి అలసిపోవడం. అలసిన గుండె రక్తంలోకి ఒక సిగ్నల్ వదులుతుంది. ఎన్‌టీ-ప్రో-బీఎన్‌పీ. దాంతోపాటు ఒంట్లో పైకి కనిపించని మంట ఒకటి రాజుకుంటూ ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్. దాని ఆనవాళ్ళు సీఆర్పీ, ఇంటర్‌ల్యూకిన్-6. అవి ఎంత పెరిగితే రోగికి అంత ముప్పు."

"ఎవడో ఆ మంట ఆర్పే మందు కనిపెట్టాడన్నమాట."

"కనిపెట్టామంటున్నారు. గార్నెట్ అనే విదేశీ ముఠా. నిన్నటిదాకా ఆయుధాలు అమ్మింది, ఇప్పుడు మందులు. నారాయణమూర్తి పనిచేసిన ఆసుపత్రిలోనే రోగుల మీద ఆ మందు పరీక్షిస్తున్నారు. వాళ్ళ రక్తం తీస్తారు. దారిలో ట్యూబులు మార్చి, ఆరోగ్యవంతుల రక్తం ల్యాబ్‌కు పంపుతారు. మందు అద్భుతం అని రిపోర్టు వస్తుంది. అసలు ట్యూబులు మాత్రం దేశం దాటిపోతాయి. తమ మందు నిజంగా ఏం చేస్తోందో వాళ్ళకు తెలియాలి కదా! ఆ ట్యూబుల పెట్టె నాకు కావాలి."

"నా వేషం?"

"పేషెంట్. పేరు ధనరాజ్, జీడిపప్పు వ్యాపారి. రిపోర్టులు తయారుగా ఉన్నాయి. లోపల మన మనిషి ఉన్నారు. 'ఈ ఏడు జీడిపూత ఎలా ఉంది?' అని అడుగుతారు. 'మంచు కొట్టేసింది' అను."

ఆ సాయంత్రమే ధనరాజ్ ఆయాసపడుతూ వార్డులో చేరాడు. కాళ్ళకు నీరు పట్టినట్టు కనిపించే సిలికాన్ తొడుగులు. నాలుక కింద కొట్టుకునే గుండె స్ప్రేలో గుండె మందు లేదు, మనిషిని క్షణంలో పడగొట్టే మత్తుమందు ఉంది. జేబులో పెన్ను. దాని కొనకు ఒక్క రక్తపు చుక్క తగిలితే సీఆర్పీ ఎంతుందో చెబుతుంది.

పక్క మంచం దాలమ్మది. చీపురుపల్లి దగ్గర పల్లె. వరి, చోళ్ళు అనే రాగులు పండించి కాయలు కాచిన చేతులు. ఆమె పాదాల మీద వాపు నిజమైనది.

"ఏటి బావూ, కాళ్ళిలగ పొంగిపోనాయి?" అంటూ ఆమె లేచి వచ్చింది. నాలుగడుగులకే రొప్పు వచ్చింది. "పడుకుంటే ఊపిరాడతన్నాదా? నాకయితే పడుకుంటే సాలు, గుండెల మీద ఎవులో కూసున్నట్టుంటాది."

"కష్టంగానే ఉంది అమ్మా."

ఆమె తన మంచం మీది దిండు ఒకటి తెచ్చి అతని వీపు కింద పెట్టింది. అతను వద్దంటున్నా వినలేదు. "ఎత్తుగా పెట్టుకుంటే తేలికవుతాది. నాకింకోటి ఉన్నాదిలే." తర్వాత చిన్న క్యాన్‌లోంచి చోడి అంబలి గ్లాసులో పోసి ఇచ్చింది. "ఉప్పెయ్యకుండా కాసినారు. తాగు, మొగమాటపడకు."

హరిచరణ్ తాగాడు. ఎన్నో వేషాలు వేశాడు, ఎందరికో అబద్ధాలు చెప్పాడు. కానీ ఆ రాత్రి దాలమ్మ ఒక్క దిండు మీద పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే కునికిపాట్లు పడుతుంటే, మూడు దిండ్ల మీద హాయిగా పడుకున్న తన ఆరోగ్యం చూసి తనకే తల దించుకోవాలనిపించింది.

రక్తం తీసే రోజు వచ్చింది. నర్సు వెళ్ళగానే, షుగర్ చూసే పెన్ను అని చెప్పి దాలమ్మ వేలికి ఆనించాడు. ఆమె మారు మాట లేకుండా చెయ్యి చాపింది. పెన్ను మీద ఎర్ర అంకె వెలిగింది. సీఆర్పీ ముప్పై దాటింది.

రెండు రోజుల్లో ఆసుపత్రి రిపోర్టు వచ్చింది. సీఆర్పీ రెండు. పూర్తిగా నార్మల్.

రిసెర్చ్ డైరెక్టర్ డాక్టర్ మోహనకృష్ణ స్వయంగా మంచం దగ్గరికి వచ్చాడు. "దాలమ్మా, మందు బాగా పనిచేసింది. నీరు తీసే మాత్ర ఇక అక్కర్లేదు. పెద్ద డోసు ఎక్కించేస్తే ఇంటికే."

దాలమ్మ రెండు చేతులూ జోడించింది. బయట కొట్లోంచి బెల్లం తెప్పించి వార్డంతా పంచింది. ఒక ముక్క హరిచరణ్ అరచేతిలో పెట్టి, "నీకూ తగ్గుతాది బావూ, నా మాట సూడు" అంది.

అతను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఇయర్‌పీస్ నొక్కాడు.

"మేడం, ఆమె రిపోర్టు దొంగది. మాత్ర కూడా ఆపేశారు. చెప్పేస్తాను."

"చెప్పొద్దు. ఇంకా చాలా ఊళ్ళలో ఇలాంటి సెంటర్లు ఉన్నాయి. ఇక్కడ కదిపితే అక్కడ తలుపులు మూసేస్తారు. పెట్టె ఎవరి చేతికి వెళ్తుందో తేలేదాకా నువ్వు పేషెంట్‌వి మాత్రమే."

"ఆమె కూడా పేషెంటే కదా మేడం."

హరిచరణ్ వార్డులోకి తిరిగి వచ్చాడు. దాలమ్మ చూస్తోంది. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. బాగుందని తల ఊపాడు.

మర్నాటికి ఆమె పాదాల వాపు మోకాళ్ళ దాకా పాకింది. "మందు లోపల పనిసేస్తన్నాది కాబోలు," అని ఆమె తనకు తానే సర్ది చెప్పుకుంది. అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది సుహాసిని. ఈ మందు పరీక్షకు స్టడీ కోఆర్డినేటర్. నెమలిపింఛం రంగు పట్టుచీర, విదేశీ సెంటు, మోహనకృష్ణ కారు ముందు సీటులో ఆమెకు శాశ్వతమైన చోటు. ఆమె హరిచరణ్ పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూసింది. నీరు పట్టిన కాలైతే గుంట పడి కాసేపు అలాగే ఉండాలి. సిలికాన్ వెంటనే పైకి లేచింది.

"మీ వాపు చాలా మర్యాద తెలిసినది ధనరాజ్ గారూ. వదలగానే లేచి నిలబడుతోంది."

హరిచరణ్ చెయ్యి స్ప్రే మీదికి పోయింది.

"ఈ ఏడు జీడిపూత ఎలా ఉంది?" అంది ఆమె, కేస్‌షీట్ చూస్తూ.

"మంచు కొట్టేసింది."

"రేపు ఉదయం, చీపురుపల్లి స్టేషన్. థర్మోకోల్ పెట్టె, పైన మల్లెపూలు, కింద ట్యూబులు. ఏసీ కోచ్‌లో ఒక విదేశీయుడు అందుకుంటాడు." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "మధ్యాహ్నం దాలమ్మకు పెద్ద డోసు. అది మంటను ఆర్పే మందు కాదు. రోగాల్ని అడ్డుకునే ఒంటి కాపలా మొత్తాన్నీ పడుకోబెడుతుంది. పాత సెంటర్‌లో ఇద్దరికి ఊపిరితిత్తుల్లో చీము పట్టినా జ్వరం కూడా రాలేదు. పోయారు. వాళ్ళ రిపోర్టులూ బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మీకు ముందే తెలుసా?"

"మీకు తెలిసినట్టే," అంది సుహాసిని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చీపురుపల్లి ప్లాట్‌ఫాం మీద పని చకచకా జరిగిపోయింది. మల్లెపూల పెట్టె పట్టుకున్నవాడు రైలు మెట్టు మీద కాలు పెట్టాడు. లోపలి నుంచి ఒక తెల్ల చెయ్యి బయటికి సాగింది. హరిచరణ్ చేతిలో స్ప్రే బుస్సుమంది. కొరియర్ బెంచీ మీద కూలబడ్డాడు. టీసీ వేషంలో ఉన్న మరో ఏజెంట్ ఆ తెల్ల చేతికి బేడీలు తగిలించాడు. హరిచరణ్ పూలు తోసి చూశాడు. చల్లటి ట్యూబుల వరసలో ఒకదాని మీద దాలమ్మ పేరు.

ఫోన్ మోగింది. సుహాసిని మెసేజ్. "ముహూర్తం ముందుకు జరిగింది. ఇప్పుడే."

వెంటనే చెవిలో చీఫ్ గొంతు. "పెట్టెతో విశాఖ వెళ్ళు. గార్నెట్ పై బాస్ విమానాశ్రయంలో ఉన్నాడు, వాణ్ణి పట్టుకునేదాకా ఆసుపత్రిలో అలజడి ఉండకూడదు. గంట చాలు."

"ఆ గంటలో సీసా ఎక్కేస్తుంది మేడం."

"తెలుసు. ఇది ఆర్డర్."

హరిచరణ్ పెట్టెను టీసీ చేతిలో పెట్టాడు. ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు. స్టేషన్ బయట నిలబెట్టిన బైకు గరివిడి దాటి, నెల్లిమర్ల దాటి విజయనగరం వైపు దూసుకుపోయింది. ఆటోలు తప్పుకున్నాయి, ఒక ఆర్టీసీ డ్రైవర్ తిట్టిన తిట్టు చాలా దూరం వెంట వచ్చింది. ఆ తిట్టు తనకు తగిందే అనిపించింది.

వార్డులో కెమెరా స్టాండు, దాని ముందు చిరునవ్వుతో మోహనకృష్ణ. సీసా వేలాడుతోంది. పసుపు రంగు ద్రవం గొట్టంలోని సెలైన్‌ను నెట్టుకుంటూ దాలమ్మ చేతి వైపు దిగుతోంది. సూదికి ఇంకా జానెడు.

హరిచరణ్ మంచాల మధ్య నుంచి దూకి గొట్టాన్ని మడిచి పిడికిట్లో బిగించాడు. ద్రవం బెత్తెడు దూరంలో ఆగింది. రెండో చేత్తో సూది లాగేశాడు.

"ఎవడ్రా నువ్వు?" మోహనకృష్ణ కోటు జేబులోకి చెయ్యి పెట్టాడు.

"చేతులు పైకి!" వెనక సుహాసిని. ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు సూటిగా హరిచరణ్ గుండె వైపు ఉంది. మోహనకృష్ణ నవ్వాడు. పిస్తోలు నెమ్మదిగా పక్కకు తిరిగి అతని కణత మీద ఆగింది. "మీతోనే డాక్టర్ గారూ. నారాయణమూర్తి హత్య గురించి కూడా మాట్లాడుకోవాలి."

పై బాస్ కూడా తప్పించుకోలేదు. విమానం తలుపు మూసుకునే లోపే దొరికాడు.

దాలమ్మను పెద్దాసుపత్రికి మార్చారు. నీరు తీసే మాత్ర మళ్ళీ మొదలైంది. వాపు తగ్గుతోందని, ఆయాసం కుదుటపడుతోందని అక్కడి డాక్టర్లు చెప్పారు. హరిచరణ్ చూడటానికి వెళ్ళాడు. ఆమె ముందుగా అతని కాళ్ళు చూసింది. సన్నగా, గట్టిగా ఉన్నాయి.

"నీకు జబ్బు నేదా బావూ?"

"లేదమ్మా."

"నాను బెల్లం పంచినపుడు, నా రిపోట్టు దొంగదని నీకు తెల్సా?"

"తెలుసు."

"తెలిసే తిన్నావు."

అతను తల ఎత్తలేదు. ఆమె దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. "నా పేనం నిలబెట్టింది నువ్వేనంట. అది నాను మర్సిపోను. ఇది కూడా మర్సిపోను. ఎల్లిరా," అని అటు తిరిగి పడుకుంది.

కుసుమకుమారి అతని మీద చర్య తీసుకోలేదు. "ఆర్డర్ తప్పావు," అంది అంతే.

"అవును మేడం. ఆలస్యంగా తప్పాను."

మిషన్ ముగిశాక ప్రతి ఏజెంటుకూ మెడికల్ చెకప్ ఉంటుంది. డిపార్ట్‌మెంట్ డాక్టర్ కంప్యూటర్ తెర చూసి సంతోషించాడు. "సీఆర్పీ, ఇంటర్‌ల్యూకిన్ అన్నీ నార్మల్. నీ ఒంట్లో మంటన్నదే లేదయ్యా హరిచరణ్!"

హరిచరణ్ చొక్కా చేతి గుండీ పెట్టుకుంటూ అన్నాడు, "ఇంకోసారి చూడండి డాక్టర్. ఎవరో ట్యూబు మార్చేసి ఉంటారు."