లవెల్ బస్సులో మూడు చుట్లు

మా మనవడు ట్రెమేన్‌కీ లవెల్‌కీ పరిచయం పోట్లాటతోనే మొదలైంది. ఆ రోజు జాక్సన్ ఊరంతా వాన. లవెల్ నడిపే సిటీ బస్సు తలుపు, మావాడి ఒక కాలు ఇంకా బయట ఉండగానే మూసుకుంది.

"కళ్ళు జేబులో పెట్టుకుని నడుపుతావా?" అన్నాడు మావాడు.

"నీలాంటివాడు ఎక్కుతుంటే రోడ్డు మీద ఎలా పెట్టమంటావ్?" అన్నాడు లవెల్.

ఆ పోట్లాటే ప్రేమైంది. ఇక మూడు నెలలు, ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరికీ మా ఇంట్లోనే భోజనం. ఎదురెదురుగా కూర్చుని, వేయించిన కోడి చల్లారిపోయేదాకా ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవారు.

కిందటి ఆదివారం వంటింట్లో లవెల్ మావాడికి నిజం చెప్పాడు. తనకు హెచ్.ఐ.వి. ఉందట. ఆరేళ్ళుగా రోజూ మందు వేసుకుంటున్నాడట. ఇప్పుడు రక్తపరీక్షలో వైరస్ కనబడదని, తనతో ఉన్నవాళ్ళకి అంటదని డాక్టరమ్మ చెప్పిందట. మావాడు ఏమీ అనకుండా జేబులోంచి తన మాత్రల సీసా తీసి చూపించాడు. అది ఆ జబ్బు రాకుండా రోజుకొకటి వేసుకునే మాత్ర. నేనూ నీలాగే మందు మింగుతున్నానని చెప్పడం వాడి ఉద్దేశం. లవెల్‌కి మాత్రం, తన జబ్బు ముందే పసిగట్టి తనకు భయపడి మింగుతున్నాడనిపించింది. మా ఇంట్లో తిన్నవాళ్ళెవరూ మిగిలిన వంట పెట్టి రేకు కాగితం చుట్టిన పళ్ళెం పట్టుకెళ్ళకుండా గడప దాటరు. లవెల్ దాటాడు. తర్వాత ఫోనూ ఎత్తలేదు.

నాకు ఎనభై ఒకటి. మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా శనివారం పళ్ళెం పట్టుకుని లవెల్ బస్సెక్కి, ముందు సీట్లో కూర్చున్నాను.

"ఎక్కడ దిగుతారు, మిస్ అర్లీన్?"

"నీకు బుద్ధొచ్చిన చోట."

రెండు చుట్లూ జనం ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు. మూడో చుట్టులో బస్సు ఖాళీ అయ్యాక నేనే మొదలుపెట్టాను.

"వాడు ఆ మాత్ర మూడేళ్ళుగా వేసుకుంటున్నాడు, నీ మొహం చూడకముందు నుంచీ. నేనే బతిమాలాను. తొంభై ఒకటిలో మా తమ్ముడు క్లిఫ్టన్ ఈ జబ్బుతోనే పోతే, ముట్టుకోవడానికి ఒక్కడూ రాలేదు. నేనే స్నానం చేయించాను. ఇంకొకడికి చేయించే ఓపిక నాకు లేదు, నాయనా."

ఎర్రదీపం దగ్గర బస్సు ఆగింది.

"నేనంటే భయమనుకున్నాను," అన్నాడు మెల్లగా.

"వాడికి సూదంటే భయం. ఆ మాత్ర వేసుకుంటున్నందుకు మూడు నెలలకోసారి పరీక్షకి రక్తం తీస్తుంటే నా చెయ్యి నలిపేస్తాడు. ఈ వేళ్ళు ఇంక తట్టుకోలేవు."

పచ్చదీపం వెలిగింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. లవెల్ కదల్లేదు.

"ఈసారి ఎప్పుడు?"

"గురువారం పొద్దున్న."

"డ్యూటీ ఉంది," అన్నాడు. నేను పళ్ళెం పట్టుకుని లేవబోయాను. అప్పుడు లవెల్ గేరు వేస్తూ అన్నాడు: "మార్పించుకుంటాను. నేను వస్తున్నానని వాడికి మీరు చెప్పకండి. నేనే చెప్పాలి."