కిటికీ గదిలో రెండో చూపు

ముందే చెబుతున్నాను, ఏది ముందో ఏది తర్వాతో నేను తారుమారు చేయవచ్చు. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్ళిపోతున్నాను. ఇది కూడా మరిచిపోకముందే రాసి పెడుతున్నాను. ఆండాలు నాకు చెప్పింది చెప్పినట్టే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే పెద్ద రోడ్డు మీద ఆండాలు వాళ్ళ మేడ. దాని వెనక సందులో మేం కిరాయికి ఉండేవాళ్ళం. ఆ మేడ పైన, రోడ్డు వైపు ఒక గది... దానికి మంచి పేరు లేదు. కోచింగ్ పిల్లలెవరూ అందులో నిలిచేవారు కారు. చదువుకుంటుంటే భుజం మీంచి ఎవరో తొంగి చూస్తున్నట్టు ఉంటుందనేవారు. రాత్రి గడియ పెట్టిన కిటికీ తెల్లారేసరికి బార్లా తెరిచి ఉండేది.

ఆ కిటికీ ఆండాలు అత్తగారు ముత్తమ్మది. అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో ఆమె పెద్దకొడుకు సత్యనారాయణ ఊరేగింపుకని వెళ్ళి తిరిగి రాలేదు. మీసం అప్పుడప్పుడే వస్తున్న వయసు. శవం దొరకలేదు, కబురూ లేదు. అప్పటినుంచి ఆమె ఆ కిటికీలో కూర్చుని, రోడ్డున పోయే ప్రతి కుర్రవాడి మొహమూ చూస్తూ చూస్తూ ముసలిదైపోయింది. "నా కొడుకును సూడంది నేను పోను" అన్నదే ఆఖరి మాట.

సకల జనుల సమ్మె జరిగిన ఏడు ఆ గదిలోకి సింధూర దిగింది. తెనాలి పిల్ల, కంప్యూటర్ ఉద్యోగం.

"దయ్యముందంటరు బిడ్డా. తర్వాత నన్ను అనొద్దు" అంది ఆండాలు.

"మా మేనేజర్ని చూశాక దయ్యం ఒక లెక్కా ఆంటీ? అయినా నేను ఆంధ్రా దాన్ని, నన్నేం పట్టించుకుంటుంది!"

"దయ్యానికి ముల్కీ, బయటోళ్ళు అని ఉంటదా? అందర్నీ పడ్తది."

సింధూరకు ఆ రోడ్డే కావాలి. నెట్ నత్తనడకన వచ్చే చోట కూడా వీడియో ఆగకుండా ఆడాలని ఆమె ఏదో తయారు చేస్తోంది. కంప్యూటర్ మీది చిన్న కెమెరా మన కళ్ళను కనిపెట్టి ఉంటుంది. తెర మీద మనం ఎక్కడ చూస్తే అక్కడ మాత్రమే బొమ్మ తేటగా అవుతుంది. మిగతాదంతా తడిసిన ముగ్గులా అలుక్కుపోయి ఉంటుంది. చూడని చోట తేటగా ఉంటే ఎవరికి లాభం అనేది ఆ పిల్ల. దాన్ని పరీక్షించడానికి జనం కదిలే వీడియోలు కావాలి.

ఒకరోజు పెద్ద ఊరేగింపు వెళ్ళింది. డప్పులు, జెండాలు, రోడ్డంతా జనం. సింధూర కిటికీలోంచి అంతా తీసింది. పొద్దుగూకాక కరెంటు పోయింది. చీకట్లో కూర్చుని లాప్‌టాప్‌లో ఆ వీడియో పెట్టుకుంది.

ఆమె తెర మధ్యలో చూస్తోంది. తేటదనం మాత్రం అక్కడ లేదు...

ఎడమ పక్కన ఒక కుర్రవాడి మొహం తేటపడింది. వాడు మసకబారాడు. పక్కవాడు తేటపడ్డాడు. తర్వాత ఇంకొకడు. ఆమె చూపు పైకి తిప్పింది, కిందికి తిప్పింది. ఆ తేట మరక ఆమె మాట వినలేదు. తన దారిన తను ఒక్కో మొహం దగ్గరా ఆగి, చూసి, వదిలేసి... ముందుకు పోతోంది.

"ఆంటీ... ఒకసారి పైకి రండి."

ఆండాలు దీపం పట్టుకుని వచ్చింది. సింధూర తెర ఆమె వైపు తిప్పింది.

"కెమెరా చెడిపోయిందేమో అనుకుంటున్నా."

"మూసిపెట్టి సూడు."

ఆండాలు తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి ఇచ్చింది. సింధూర దాన్ని కెమెరా కంటికి అంటించింది. ఇక దానికి మన కళ్ళు కనపడవు కాబట్టి తెరంతా మసకైపోవాలి.

మసకైంది. ఆ ఒక్క మరక తప్ప.

అది ఆడవాళ్ళను దాటేసింది. పిల్లలను దాటేసింది. నెరిసిన తలలను దాటేసింది. మీసం అప్పుడప్పుడే వస్తున్న వాళ్ళ దగ్గరే ఆగుతోంది...

ఆండాలుకు అర్థమైంది. దీపం కింద పెట్టి మంచం మీద కూర్చుంది. తెర వైపు చూస్తూ మెల్లగా అంది.

"అత్తా... నలభై ఏండ్లు దాటింది. నీ కొడుకు గిట్ల పిల్లగానిలెక్క ఉంటడా? ముసలోడైంటడు. తెల్లెంటికలోళ్ళను సూడు అత్తా."

మరక ఆగిపోయింది. వణికింది. వెనక్కి మళ్ళింది.

ఒక ముసలాయన. ఇంకో ముసలాయన. అట్లా పోయి పోయి... తెర అంచున నిలిచిపోయింది.

బక్కపలచటి మనిషి. కలిసిపోయిన కనుబొమలు, అచ్చం ఆండాలు భర్తవే. చేతిలో బ్యానర్: తుర్కయంజాల్ ఇటుక బట్టీ కార్మికులు. జనం కదిలిపోతున్నా మరక ఆయన్ని వదల్లేదు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా వెంటే నడిచి, ఆయనతోపాటే తెర దాటిపోయింది.

ఆండాలూ ఆమె భర్తా మర్నాడే తుర్కయంజాల్ వెళ్ళారు. ఆయన దొరికాడు. పేరు గోపయ్య అన్నాడు. అదీ బట్టీ వాళ్ళు పెట్టిందే. తలకు పాత గాయం. దానికి ముందు తనెవరో, ఏ తల్లి కన్నదో ఏమీ గుర్తులేదట. తమ్ముడు, అంటే ఆండాలు భర్త, ఇల్లు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, ముత్తమ్మ పేరు చెప్పాడు. గోపయ్య తల అడ్డంగా ఊపాడు.

"జర పరేషాన్ గాకుండ్రి. నేను మీరు ఎతికేటోన్ని గాదు."

ఇక చేసేది లేక ఇద్దరూ లేచారు. గోపయ్య గుమ్మం వైపు చూసి నొచ్చుకున్నాడు. లోపలినుంచి పీట తెచ్చి వేశాడు.

"మీ ఎంబడొచ్చిన ఆ ముసలమ్మను అట్లనే నిలబెట్టిన్రేంది? అప్పటిసంది నన్నే సూస్తున్నది. కూసోమనుండ్రి."

వచ్చింది ఇద్దరే. ఆండాలు తల తిప్పి చూడలేదు.

చెల్లీ, సూర్యప్రభా, నా రాతను సాపు చేసేదానివి నువ్వే కదా. పేర్లన్నీ ఒకసారి ఆండాలును అడిగి చూడమ్మా, ముఖ్యంగా ఆ కొడుకు పేరు. నేను తప్పు రాస్తే ఆ తల్లి మళ్ళీ ఎక్కడికి పోయి వెతుక్కుంటుందో.